ఎక్స్‌పీ మెషీన్‌లో తెలుగు పేరు వెతికితే దొరకడం లేదా? ఇలా చూడండి

"రికార్డు కళ్లెదుటే కనిపిస్తోందండీ, వెతికితే మాత్రం లేదంటోంది." ఈ మాట ఫోన్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గుడి ఆఫీసులో శాశ్వత పూజల రిజిస్టరు కావచ్చు, ఎరువుల కొట్లో ఖాతాల జాబితా కావచ్చు, ఊళ్లో లైబ్రరీ పుస్తకాల పట్టిక కావచ్చు. సరంజామా మాత్రం దాదాపు ఒకటే. విండోస్ ఎక్స్‌పీ, అందులో డేటాబేస్ కోసం మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 2003, దాని మీద ఎప్పుడో ఎవరో వీబీ6 (విజువల్ బేసిక్ 6)లో రాసిచ్చి వెళ్లిన ప్రోగ్రాం. రాసినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. మెషీన్ మార్చేయమని చెప్పడం తేలికే. కానీ లోపలి డేటా ఏ స్థితిలో ఉందో తేల్చుకోకుండా మారిస్తే, అదే గందరగోళం కొత్త మెషీన్లోకి కూడా వస్తుంది. కాబట్టి ముందు ఇక్కడే తేల్చుకుందాం.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. తెర మీద మీరు చూసేది బొమ్మ. డేటాబేస్‌లో ఉండేది నంబర్లు. వెతుకులాట నడిచేది నంబర్ల మీద. రెండు పేర్లు కంటికి ఒకేలా ఉన్నా నంబర్లు వేరైతే మెషీన్‌కి అవి వేరు మనుషులు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి:

- డేటాబేస్ ఫైల్ కాపీ పెట్టుకోవడానికి పెన్‌డ్రైవ్
- యాక్సెస్ 2003
- ఎక్స్‌పీ సీడీ, లేదా అందులోని ఐ386 ఫోల్డర్
- డేటా మొదట ఎక్సెల్ నుంచో టెక్స్ట్ ఫైల్ నుంచో వచ్చి ఉంటే ఆ అసలు ఫైల్. ఇది దొరికితే మీ పని సగం అయిపోయినట్టే
- మీకు బాగా తెలిసిన, ఉన్నాయని ఖాయంగా చెప్పగల ఓ పది పేర్లు, కాగితం మీద

ఫంక్షన్ల పేర్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. మెషీన్లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

1. కాపీ తీసి, కాపీ మీదే పని చేయండి

అందరినీ ప్రోగ్రాంలోంచి బయటికి రమ్మనండి. ఎండీబీ ఫైల్ (అంటే యాక్సెస్ డేటాబేస్ ఫైల్) పక్కనే అదే పేరుతో ఎల్‌డీబీ ఫైల్ కనిపిస్తుంటే ఇంకా ఎవరో లోపల ఉన్నారని అర్థం. అది పోయాకే కాపీ చేయండి. కింద చెప్పే మార్పుల్లో కొన్నిటికి వెనక్కి దారి లేదు.

2. వెతికే పెట్టెలో ఏ సెట్టింగ్ ఉంది?

నవ్వకండి, చాలామంది సమస్య ఇక్కడే తీరిపోతుంది. యాక్సెస్‌లో కంట్రోల్ ఎఫ్ కొడితే వచ్చే పెట్టెలో 'మ్యాచ్' అని ఉంటుంది. అది 'హోల్ ఫీల్డ్' మీద ఉంటే, 'సుబ్బారావు' అని వెతికినప్పుడు 'సుబ్బారావు గారు' దొరకదు. దాన్ని 'ఎనీ పార్ట్ ఆఫ్ ఫీల్డ్'కి మార్చండి. 'లుక్ ఇన్' దగ్గర ఒక్క కాలమ్ ఉందో, పట్టిక మొత్తం ఉందో కూడా చూడండి. కర్సర్ చిరునామా కాలమ్‌లో పెట్టి పేరు కోసం వెతికేవాళ్లను నేను చూశాను.

3. తప్పు తెరదా, డేటాదా?

పేర్లు ఎలా కనిపిస్తున్నాయో గమనించండి.

డబ్బాలు డబ్బాలుగా ఉంటే ఫాంట్ లేదని అర్థం. డేటాకి ఏమీ కాలేదు. ఎక్స్‌పీలో తెలుగుకి గౌతమి ఫాంట్ ఉంటుంది. పట్టిక ఫాంట్‌ని దానికి మార్చి చూడండి.

వత్తులు కిందికి దిగకుండా విడివిడిగా పడుతుంటే, గుణింతాలు చుక్కల వలయం మీద కూర్చుంటుంటే, అప్పుడు కూడా డేటా మంచిదే. కంట్రోల్ ప్యానెల్‌లో 'రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్' తెరిచి, 'లాంగ్వేజెస్' ట్యాబ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్లకు సంబంధించిన టిక్ పెట్టండి. సీడీ అడుగుతుంది. అయ్యాక రీస్టార్ట్ చేయండి.

అదే చోట 'అడ్వాన్స్‌డ్' ట్యాబ్‌లో, యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ ఒక్కో నంబరు ఇచ్చే పద్ధతి) కాని ప్రోగ్రాంల కోసం భాష ఎంచుకునే జాబితా ఉంటుంది. అందులో తెలుగు కోసం వెతికి టైం పాడుచేసుకోకండి, ఉండదు. పాత పద్ధతి ప్రోగ్రాంలకు కావలసిన కోడ్ పేజీ (ఒక భాష అక్షరాలకి నంబర్లిచ్చే పాత పట్టిక) విండోస్‌లో తెలుగుకి లేదు. ఈ సంగతి 7వ మెట్టులో మళ్లీ వస్తుంది.

పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు ఉంటే మాత్రం గుండె రాయి చేసుకుని తర్వాతి మెట్టుకి రండి.

4. నంబర్లు బయటికి తీయండి

కొత్త క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ఒకటి డిజైన్ వ్యూలో తెరిచి, మీ పట్టికను చేర్చండి. మొదటి గడిలో యాస్క్‌డబ్ల్యూ ఫంక్షన్ రాయండి. స్పెల్లింగు ఏ, ఎస్, సీ, డబ్ల్యూ. బ్రాకెట్ లోపల పేరు కాలమ్, దాని తర్వాత & గుర్తు, తర్వాత కొటేషన్లలో "@". రెండో గడిలో క్రమసంఖ్య కాలమ్ పెట్టండి. పైన బార్‌లో Σ గుర్తు నొక్కి, మొదటి గడికి 'గ్రూప్ బై', రెండోదానికి 'కౌంట్' ఎంచుకుని రన్ చేయండి.

"@" ఎందుకంటే, పేరు ఖాళీగా ఉన్న రికార్డు దగ్గర ఈ ఫంక్షన్ ఎర్రర్ ఇచ్చి క్వెరీ మొత్తాన్ని ఆపేస్తుంది. అది తగిలిస్తే ఖాళీ పేర్లన్నీ 64 అనే నంబరు కింద పోగవుతాయి. కౌంట్ కోసం పేరు కాలమ్‌నే వాడారనుకోండి, ఖాళీ రికార్డులు లెక్కలోకి రావు. అందుకే క్రమసంఖ్య.

ఇప్పుడు పేర్ల మొదటి అక్షరం నంబర్లు, ఒక్కొక్కటి ఎన్ని రికార్డుల్లో ఉందీ వరసగా కనిపిస్తాయి. ఈ కాగితం ప్రింటు తీసి గోడకి అంటించుకున్నా తప్పులేదు:

- 3072 నుంచి 3199 మధ్య: అసలైన తెలుగు యూనికోడ్. 'క' అయితే 3093, 'ర' అయితే 3120. నేరుగా 5వ మెట్టుకి వెళ్లండి.
- 63: ప్రశ్నార్థకం. అక్షరం ఎక్కించేటప్పుడే పోయింది. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని వెనక్కి తేలేదు. పాత బ్యాకప్పో, కాగితం రిజిస్టరో చూసుకోవాల్సిందే. "రికవర్ చేసిపెడతాం" అని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.
- 224: యూటీఎఫ్-8 (యూనికోడ్ నంబర్లను బైట్లుగా రాసే పద్ధతి) ఫైల్‌ని మామూలు ఇంగ్లీషు ఫైల్ అనుకుని దిగుమతి చేశారు. తెర మీద పిచ్చి గీతల అక్షరాల మధ్య ° గుర్తు పదే పదే కనపడుతుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. మొదటిది 224, రెండోది 176 లేదా 177. ఆ 176 నంబరుదే ఈ ° గుర్తు. దీన్ని బాగుచేయొచ్చు.
- 33 నుంచి 255 మధ్య రకరకాల నంబర్లు, మధ్యలో 402, 8221 లాంటివి: అను లాంటి డీటీపీ ఫాంట్లతో, అంటే ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీద తెలుగు బొమ్మలు గీసే ప్రింటింగ్ ఫాంట్లతో కొట్టిన డేటా. ఫాంట్‌ని ఏరియల్‌కి మార్చి చూడండి, తెలుగు మాయమై ఇంగ్లీషు గజిబిజి మిగులుతుంది. ఇంగ్లీషులో కొట్టిన పేర్లకీ ఇవే నంబర్లు వస్తాయి కాబట్టి ఓ నాలుగు రికార్డులు తెరిచి చూడండి.
- 32 లేదా 160: పేరు ముందు ఖాళీ ఉంది. 32ని ట్రిమ్ ఫంక్షన్ తీసేస్తుంది, 160ని తీయదు.
- -257: ఇది చూసి కంగారుపడకండి. ఫైల్ మొదట్లో ఉండే కనిపించని గుర్తు పేరుతో అంటుకుని వచ్చింది. అసలు నంబరు 65279 అయినా ఈ ఫంక్షన్ రుణసంఖ్యగా చూపిస్తుంది. సాధారణంగా మొదటి రికార్డులోనే ఉంటుంది.

224 వచ్చినవాళ్లకి మంచి దారి అసలు ఫైల్‌ని మళ్లీ దిగుమతి చేయడం. దిగుమతి విజార్డ్‌లో 'అడ్వాన్స్‌డ్' బటన్ నొక్కి, 'కోడ్ పేజ్' దగ్గర 'యూనికోడ్ యూటీఎఫ్-8' ఎంచుకోవాలి. అందరూ వదిలేసేది ఆ బటన్‌నే. అసలు ఫైల్ లేకపోతే, పట్టికను టెక్స్ట్‌గా 'వెస్టర్న్ యూరోపియన్ విండోస్' కోడ్ పేజీతో ఎగుమతి చేసి, ఆ ఫైల్‌నే యూటీఎఫ్-8గా తిరిగి దిగుమతి చేయండి. వచ్చిన దారినే వెనక్కి నడిపించడం అన్నమాట.

ఇలా చేశాక ఈ ఐదింట్లో ఏదో ఒకటి ఉన్న పేర్లను ప్రత్యేకంగా చూడాలి: పొల్లు, ఉకారం కొమ్ము, ఏ, ఐ, ఝ. వీటి మూడో బైట్లు 141, 129, 143, 144, 157. పాత ఇంగ్లీషు కోడ్ పేజీలో సరిగ్గా ఈ ఐదు స్థానాలకే అక్షరం లేదు. యాక్సెస్ నుంచి యాక్సెస్‌కే అయితే మామూలుగా నిలబడతాయి. మధ్యలో ఇంకో ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేసి ఉంటే అవే ముందు పోతాయి. అందుకని లక్ష్మి, సుబ్బారావు, ఏడుకొండలు, ఐలయ్య, ఝాన్సీ పేర్లు వెతికి చూడండి. ఈ ఐదూ బాగుంటే మిగతావాటికి భయం లేదు.

డీటీపీ ఫాంట్ డేటాకి యూనికోడ్ కన్వర్టర్లు ఉన్నాయి. ఏ ఫాంటుకి ఆ కన్వర్టరే వాడాలి. ముందు యాభై పేర్లతో చేసి, వత్తులున్న పేర్లు కాగితంతో పోల్చి చూసుకున్నాకే మొత్తం ఎక్కించండి.

5. కవల అక్షరాలను పట్టుకోండి

నంబర్లు 3072–3199 మధ్యే ఉన్నాయి, అయినా పేరు దొరకదు. నాకిష్టమైన కేసు ఇదే.

సున్నాతోనే మొదలుపెడదాం. పేరులో వాడే పూర్ణానుస్వారం నంబరు 3074. తెలుగు అంకెల్లో సున్నా నంబరు 3174. సరిగ్గా వంద తేడా. తెర మీద మాత్రం అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒక గుడి రిజిస్టరులో 'రంగయ్య' దొరకడం లేదని పిలిస్తే వెళ్లాను. మిడ్ ఫంక్షన్‌తో రెండో అక్షరం తీసి నంబరు చూస్తే 3174. టైపు చేసినాయన అంకెల సున్నాతో రంగయ్యలు, వెంకయ్యలు, గంగమ్మలు అందరినీ నింపేశాడు. పాపం, ఆయనకి కీబోర్డు మీద కనపడిన సున్నా అదే.

విసర్గది ఇంకో కథ. 'ప్రాతఃకాల పూజ' అని ఉండాల్సిన చోట ఇంగ్లీషు కోలన్ కొడతారు. విసర్గ 3075, కోలన్ 58.

కంటికి అసలు కనిపించనిది 8204. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా ఆపే గుర్తు అది. 'రాజ్‌కుమార్' అని విడిగా కనపడాలంటే మధ్యలో అది ఉండాలి, లేకపోతే 'రాజ్కుమార్' అవుతుంది. మొదటిదానికి, గుర్తులు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్ 11 చూపిస్తే, రెండోదానికి 10. కొన్ని టైపింగ్ పద్ధతుల్లో 'కుమార్' చివర కూడా ఇది చేరిపోతుంది. అప్పుడు కళ్లు చించుకుని చూసినా తేడా తెలియదు.

ఐత్వం కూడా రెండు రకాలుగా ఎక్కొచ్చు. 'శైలజ'లో అది ఒకే నంబరు 3144గా ఉండొచ్చు, లేదా 3142, 3158 అనే రెండు ముక్కలుగా ఉండొచ్చు.

ఎన్ని రికార్డుల్లో ఇవి దూరాయో తెలుసుకోడానికి ఇన్‌స్టర్ ఫంక్షన్ వాడండి, ఒక గుర్తు పేరులో ఎక్కడుందో అది చెబుతుంది. స్పెల్లింగు ఐ, ఎన్, ఎస్, టీ, ఆర్. వెతికేది సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ బ్రాకెట్లో 8204, ఇది నంబరుని అక్షరంగా మార్చే ఫంక్షన్. చివరి విలువగా 0 తప్పనిసరిగా ఇవ్వండి. సున్నా ఇస్తే నంబరుకి నంబరు పోలుస్తుంది. ఇవ్వకపోతే భాషా నియమాల ప్రకారం పోలుస్తుంది, కనిపించని గుర్తుల విషయంలో ఆ పోలికను నమ్మలేం.

6. వెతకడానికి వేరే కాలమ్ పెట్టండి

అసలు పేరు కాలమ్‌ని దిద్దకండి. రసీదుల మీద, శిలాఫలకాల మీద పడేది అదే. పక్కన 'వెతుకు' అనే కాలమ్ ఒకటి, టెక్స్ట్ రకంలో, పట్టిక చివర చేర్చండి. పాత వీబీ ప్రోగ్రాం కాలమ్‌ల వరసని నమ్ముకుని రాసి ఉంటే మధ్యలో చేర్చిన కాలమ్ దాన్ని పడగొడుతుంది. చివర చేర్చినా మొరాయిస్తే క్రమసంఖ్యతో కలిపి వేరే పట్టికలో పెట్టుకోండి.

తర్వాత అప్‌డేట్ క్వెరీలు, ఒక్కొక్కటిగా:

- ముందు పేరును ఉన్నదున్నట్టు 'వెతుకు'లోకి ఎక్కించండి. పేరు ఖాళీ కాకూడదనే షరతు దీనికీ, తర్వాతి క్వెరీలన్నిటికీ పెట్టండి, లేకపోతే అవి ఎర్రర్ ఇస్తాయి.
- రీప్లేస్ ఫంక్షన్‌తో 8204ని, దాని తోడుగా వచ్చే 8205ని, -257గా కనపడిన 65279ని తీసేయండి. ఇక్కడా చివరి మూడు విలువలు 1, -1, 0 ఇవ్వండి.
- 3174ని 3074గా మార్చండి. ఇది పేరు కాలమ్‌కే. చిరునామాలో ఇంటి నంబర్లు తెలుగు అంకెల్లో ఉంటే అక్కడ ఈ మార్పు చేశారో, పదో నంబరు ఇల్లు మాయమవుతుంది.
- 3142, 3158 జంటని 3144గా మార్చండి.
- 160ని మామూలు ఖాళీగా మార్చి, ఆపైన ట్రిమ్.

అన్నీ ఒకే క్వెరీలో గుచ్చి రాయొచ్చు గానీ, తప్పొస్తే ఎక్కడొచ్చిందో తెలియక టెన్షన్ పడతారు. కోలన్‌ని మాత్రం గంపగుత్తగా మార్చకండి. 'కేరాఫ్:' లాంటివి ఉంటాయి, చూసి చేత్తో దిద్దుకోవాలి.

ఇక అసలు మరిచిపోయే సంగతి: వెతికేవాళ్లు పెట్టెలో కొట్టే పేరుకీ ఇవే మార్పులు చేసి, ఆ తర్వాతే 'వెతుకు' కాలమ్‌తో పోల్చాలి. ఒకవైపే శుభ్రం చేస్తే గొడవ అటుది ఇటు మారుతుందంతే. కొత్త రికార్డులు చేరిన రోజు సాయంత్రం అప్‌డేట్ క్వెరీలు మళ్లీ ఒకసారి నడపండి.

'వెంకటరావు', 'వెంకట్రావు' తేడాని ఈ పద్ధతి తీర్చదు. అది స్పెల్లింగు తేడా. 'వెంకట' అని పూర్తి పదంగా పోలిస్తే రెండూ రావు, కానీ నంబర్ల వరసలో రెండు పేర్లూ 'వెంకట'తోనే మొదలవుతాయి, రెండోదాంట్లో ఆ తర్వాత పొల్లు వస్తుందంతే. ముందు భాగంతో, వెనక ఏదైనా ఉండొచ్చనే గుర్తు (నక్షత్రం) తగిలించి వెతకడమే మేలు.

7. ఒక పేరు అడిగితే వేరే పేర్లు వస్తున్నాయా?

'రాము' అని వెతికితే గోపి, సీను, బాబు వరసగా వచ్చి నిలబడ్డారని ఒకాయన ఫొటో తీసి పంపాడు. దయ్యం పట్టిందన్నాడు. ఏమీ లేదు. వీబీ6లో మామూలు టెక్స్ట్‌బాక్సుకి యూనికోడ్ తెలియదు. తెలుగుకి కోడ్ పేజీ లేదన్నాను కదా, అందుకని 'రాము'లోని నాలుగు గుర్తులూ నాలుగు ప్రశ్నార్థకాలై లోపలికి వెళ్లాయి. యాక్సెస్‌లో పోలికతో వెతికే 'లైక్' షరతులో ప్రశ్నార్థకమంటే 'ఏదో ఒక అక్షరం'. రా, ము లాగే గో, పి కూడా రెండేసి గుర్తులు. నాలుగు గుర్తుల పేర్లన్నీ వచ్చేశాయి. మెషీన్ అడిగినదానికి సరిగ్గానే జవాబిచ్చింది.

యాక్సెస్‌లోనే కోడ్ రాసే ఎడిటర్‌కీ ఇదే జబ్బు. అందులో తెలుగు అతికిస్తే ప్రశ్నార్థకాలు అవుతాయి. మెసేజ్ బాక్సులోనూ అంతే, కాబట్టి అందులో ప్రశ్నార్థకాలు చూసి డేటా పోయిందనుకోకండి. పరీక్షించేటప్పుడు నంబర్లనే చూపించమనండి.

దీనికి దారులు:

- యాక్సెస్ ఫారం ఒకటి చేసి, అందులో టెక్స్ట్‌బాక్స్ పెట్టి, క్వెరీ షరతుని నేరుగా ఆ బాక్సుకి ముడిపెట్టండి. యాక్సెస్ ఫారం బాక్సుకి తెలుగు బాగానే తెలుసు. సోర్సు లేని వీబీ ప్రోగ్రాంతో కుస్తీ పట్టేకంటే ఇదే సుఖం.
- వీబీ6 సోర్సు చేతిలో ఉంటే, మామూలు టెక్స్ట్‌బాక్సు బదులు ఆఫీసుతో వచ్చే 'ఫారమ్స్ 2.0' బాక్సు వాడండి.
- కోడ్‌లో ఒక తెలుగు పదం పెట్టక తప్పదంటే నంబర్లతో పేర్చండి.

అన్నట్టు, ఏదైనా ఉండొచ్చనే గుర్తు యాక్సెస్ క్వెరీలో నక్షత్రం, ఏడీఓ (ప్రోగ్రాంని డేటాబేస్‌తో కలిపే మార్గం) ద్వారా వెళ్లే కోడ్‌లో %. తారుమారైతే ఎర్రర్ రాదు, సున్నా రికార్డులు వస్తాయి.

8. అన్నీ బాగున్నా దొరకకపోతే ఇండెక్స్

కరెంటు పోయి మెషీన్ మధ్యలో ఆగిన సందర్భాలుంటే ఇండెక్స్ (వేగంగా వెతకడానికి డేటాబేస్ లోపల పెట్టుకునే సూచిక) చెడి ఉండొచ్చు. టూల్స్ మెనూలో 'డేటాబేస్ యుటిలిటీస్', అందులో 'కాంపాక్ట్ అండ్ రిపేర్'. ముందు, తర్వాత రికార్డుల సంఖ్య రాసుకోండి. తగ్గితే ఆగి, 1వ మెట్టులో తీసిన కాపీతో పోల్చండి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లకి రెండు మాటలు

పాత వెర్షన్లలో కాలమ్ వార్‌చార్ అయితే తెలుగు నిలవదు, ఎన్‌వార్‌చార్ ఉండాలి. కాలమ్ సరిగ్గా ఉన్నా, క్వెరీలో కొటేషన్ ముందు 'ఎన్' అనే ఇంగ్లీషు అక్షరం పెట్టకపోతే మళ్లీ ప్రశ్నార్థకాలే. ఇక్కడ ప్రశ్నార్థకానికి ప్రత్యేక అర్థం లేదు కాబట్టి దయ్యాలు రావు, ఏమీ రాదు. ఫుల్‌టెక్స్ట్ వాడుతుంటే 2008 వెర్షన్‌లో తెలుగు భాష ఉంది, కోడ్ 1098. అయితే అది పదాలవారీగా వెతుకుతుంది. 'గుంటూరు' పక్కన నక్షత్రం పెడితే 'గుంటూరులో' వస్తుంది గానీ, 'రావు' అని వెతికితే 'వెంకటరావు' రాడు. పేర్లకైతే లైక్ షరతే నయం.

ఫలితం సరిచూడటం

కాగితం మీది పది పేర్లు తీయండి. ఒక్కోదాన్ని మూడు రకాలుగా వెతకండి: పూర్తిగా, మొదటి రెండక్షరాలతో, ఇంకొకరి చేత టైపు చేయించి. మూడోది ముఖ్యం, ఎందుకంటే మీ చేతి అలవాటు వేరు, కౌంటర్లో కూర్చునే అబ్బాయి అలవాటు వేరు. లేని పేరు కూడా ఒకటి వెతకండి. దానికీ రికార్డులు వస్తే 7వ మెట్టు సరిగా కాలేదని అర్థం.

తర్వాత 4వ మెట్టు క్వెరీని 'వెతుకు' కాలమ్ మీద నడపండి. 63, 224, 160, -257 ఏవీ కనపడకూడదు. 64 ఎదురుగా ఉన్న సంఖ్య ఖాళీ పేర్ల సంఖ్యతో సరిపోవాలి. అప్పుడు ఆ ఎండీబీని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొత్త మెషీన్లో తెరవండి. 2003 నాటి ఎండీబీని తర్వాతి యాక్సెస్‌లు తెరుస్తాయి. మీ ఫైల్ యాక్సెస్ 97 నాటిదైతే 2013 నుంచి వచ్చినవి తెరవవు, అలాంటిదాన్ని ఈ ఎక్స్‌పీలోనే 2003 రకంలోకి మార్చి తీసుకెళ్లండి. అక్కడ కూడా అవే పది పేర్లు వెతికాక, పాత సీపీయూకి ఇంటర్నెట్ వైరు పీకేసి, ఓ ఆర్నెల్లు అటక ఎక్కించకుండా ఉంచండి.